వంతెన అవతలి బిళ్లలు

అంజన్న నోట్లని ఇంటికి పంపేవాడు, బిళ్లల్ని దాచుకునేవాడు. ఈ తేడా అర్థం కాక మేమంతా అతన్ని చాలా ఏళ్లు పిచ్చోడి కింద జమకట్టాం.

నా పేరు భూషణం, మాది ఆర్మూరు. సౌదీలోని అల్ ఖోబర్‌లో, సముద్రం మీదుగా బహ్రెయిన్ చేరే వంతెన వైపు పోయే రోడ్డు మీద టైర్ల పని చేస్తాను. పంక్చర్ షాపుని ఇక్కడ బన్షర్ అంటారు. మా బన్షర్‌ని ఆనుకుని కార్లు కడిగే మగసల ఉండేది. రెండూ ఒకే కఫీల్‌వి, అంటే మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానివి. అంజన్న ఆ మగసలలో కార్ల లోపలి పని చేసేవాడు. బయట నీళ్లు కొట్టడం బంగ్లాదేశ్ వాళ్ల పని. తలుపులు తీసి, కాళ్ల కింది పట్టాలు దులిపి, వాక్యూమ్ గొట్టం పట్టుకుని సీట్ల కింద దూరడం అంజన్న పని. ఊరు మెట్‌పల్లి దగ్గర. బక్క మనిషి, మాట తక్కువ. పొద్దంతా కార్లలోకి వంగీ వంగీ, బయట నిలబడ్డప్పుడు కూడా ఎవరికో దండం పెట్టబోతున్నట్టు కాస్త ముందుకి వాలి ఉండేవాడు.

గురువారం సాయంత్రమైతే చాలు, ఖోబర్‌లో కారున్నవాళ్లలో సగం మంది వంతెన దాటి బహ్రెయిన్ పోతారు. శనివారం తిరిగొచ్చి కార్లు కడిగించుకుంటారు. సెలవులొస్తే కువైట్ నంబరు బండ్లు, ఖతార్ నంబరు బండ్లు, దుబాయ్ నుంచి ఇసుక కొట్టుకుని వచ్చిన బండ్లు మా ముందు వరస కడతాయి. వాటి సీట్ల కింద ఏముంటాయో మీకు తెలీదు. పుచ్చగింజల తొక్కలు, ఎండిపోయిన ఆలూ ముక్కలు, పిల్లల చెప్పు ఒకటి, జపం చేసుకునే తస్బీ పూసలు. వాటి మధ్య ఆ దేశాల చిల్లర. నోటయితే ఏ మార్పిడి దుకాణానికి పోయినా మార్చిస్తారు. బిళ్లని ఎవడూ తీసుకోడు. కాబట్టి సరిహద్దు దాటాక ఆ బిళ్లకి విలువ లేదు, దాన్ని వెతుక్కునే ఓపిక కారున్న మనిషికి ఉండదు.

అంజన్నకి ఒక పద్ధతి ఉండేది. దొరికిన ప్రతి బిళ్లనీ అరచేతిలో పెట్టుకుని పోయి యజమానికి చూపించేవాడు. యజమాని ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా "ఖల్లీ వల్లీ" అనేవాడు. పోనీలే, వదిలెయ్ అని. ఆ మాట చెవిన పడితే తప్ప జేబులో వేసుకునేవాడు కాదు. సౌదీ బిళ్ల దొరికితే మటుకు అడగకుండానే గేరు పక్కనుండే గుంటలో పెట్టేసేవాడు. నేనొకసారి విసుక్కున్నాను.

"ఎందుకే గంత నిజాయితీ? గా రెండు రియాళ్ల బిళ్ల ఉంచుకుంటే చాయ్ అస్తది గద!"

"చాయ్ అస్తది గాబట్టే అది వాళ్లది భూషణమన్నా. దేనికీ రానిది మనది."

ఇలాంటి జవాబులు చెప్పేవాణ్ణి ఏం చేస్తాం? చాయ్ నేనే పోయించాను.

మొదట్లో నాకు అన్నీ ఒకేలా కనిపించేవి. తరవాత తరవాత అతను చూపిస్తుంటే తేడా తెలిసింది. కువైట్ బిళ్లలన్నిటి మీదా ఒకటే పడవ. ఒమాన్ వాటి మీద వంకీ కత్తి. జోర్డాన్ పావు దీనారుకి ఏడు మూలలు. బహ్రెయిన్ వంద ఫిల్సుల బిళ్లకి, ఫిల్సులంటే అక్కడి పైసలు, రెండు రంగులు, అంచు ఒకటి, నడిమధ్య ఇంకొకటి. దుబాయ్ వైపు దిర్హం మీద మామూలుగా కాఫీ కూజా ఉంటుంది గానీ, ఏదైనా బడికో బ్యాంకుకో ఇన్నేళ్లు నిండాయంటే ఆ ఏడు కూజాతో పాటు వేరే బొమ్మ వేసిన దిర్హాలు కూడా వదులుతారు. అలాంటిది దొరికితే అంజన్న ఆ పూట ఎక్కువ మాట్లాడేవాడు. ఖతార్‌తో రాకపోకలు ఆగిపోయిన ఏళ్లలో ఆ దేశపు బిళ్ల ఒక్కటి రాలేదు. సరిహద్దు తెరిచాక వచ్చిన మొదటి ఖతార్ బండిని కడగడానికి అంజన్న పోటీపడి పోయాడు. మిగతావాళ్లు బక్షీసు కోసం అనుకున్నారు.

యెమెన్ బిళ్ల మాత్రం కార్లలో దొరికేది కాదు. అక్కడి నుంచి కార్లలో షికారుకి వచ్చేవాళ్లెవరు? నా పక్కన టైర్లు విప్పే సాలెహ్ యెమెన్ వాడు. వాళ్ల ఊళ్లో ఇల్లే లేకుండా పోయిందని ఒక్కసారే చెప్పాడు, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. అతను తన పర్సులో ఏళ్ల తరబడి ఉంచుకున్న ఇరవై రియాళ్ల బిళ్లని అంజన్న చేతిలో పెట్టాడు. దాని మీద గొడుగులాంటి చెట్టుంది. ఇదెందుకు నాకిస్తున్నావంటే, నా దగ్గరుంటే ఖర్చుపెట్టలేని పైస, నీ దగ్గరుంటే చెట్టు అన్నాడట అరబ్బీలో. అంజన్నకి ఎంత అరబ్బీ వచ్చో దేవుడికే తెలియాలి, ఆ మాట మాత్రం నాకు పదిసార్లు చెప్పాడు.

అన్నిటికన్నా అతను ప్రాణంగా చూసుకున్నది బహ్రెయిన్‌దే, ఐదొందల ఫిల్సుల బిళ్ల. దాని మీద ముత్యాన్ని పైకెత్తి పట్టుకున్న కట్టడం ఉంటుంది. ఆ కట్టడమూ ఇప్పుడు లేదు, ఆ బిళ్లా ఇప్పుడు చెలామణిలో లేదు. ఒక ముసలాయన పాత జీపు సీటు కింద, జారే పట్టాల మధ్య ఇరుక్కుని దొరికింది. ముసలాయన దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. అంజన్న వాక్యూమ్ ఆపి ఎదురుగా నిలబడ్డాడు. చివరికి ఆయన కూడా ఖల్లీ వల్లీ అన్నాడు.

ఇవన్నీ ఖర్జూరం పండ్లు వచ్చే ఒక రేకు డబ్బాలో ఉండేవి. ఏ దేశానివి ఆ దేశానికి విడిగా, కార్ల అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ ముక్కల్లో మూటలు కట్టి పెట్టుకునేవాడు. మా గదిలో ఆరు మంచాలు. దొంగతనాలు మామూలే. చార్జర్లు పోయాయి, లుంగీలు పోయాయి. ఆ డబ్బా జోలికి ఎవరూ పోలేదు, ఎందుకంటే అందరూ దాన్ని చెత్త కింద చూశారు.

ఇంట్లోవాళ్లకి ఈ సంగతి తెలియదు. ఒకసారి సెలవుల్లో పోయినప్పుడు నాలుగు బిళ్లలు తీసి వాళ్లన్నకి చూపించాడట. ఆ పెద్దమనిషి పదిమందిలో, "సౌదీ పొయ్యినోడు బంగారం బిస్కెట్లు తెస్తడనుకుంటే, మావోడు చెల్లని చిల్లర ఏరుకచ్చిండు" అని నవ్వాడట. ఇలాంటి అన్నలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, తమ్ముడు పంపిన సెంటు కొట్టుకుని తమ్ముణ్ణే ఎగతాళి చేస్తారు. అంజన్న ఆ నాలుగు బిళ్లల్నీ మళ్లీ జేబులో వేసుకుని వచ్చేశాడు. ఆ తరవాత ఎవరికీ, భార్య గౌరవ్వకి కూడా, చెప్పలేదు.

కానీ అతని మనసులో ఉన్నది నాకు చెప్పాడు. ఒక శనివారం కార్ల రద్దీ తగ్గాక, గోడ నీడన కూర్చుని పాలు లేని సులైమానీ చాయ్ తాగుతూ చెప్పాడు.

"ఇల్లు కడ్త గద భూషణమన్నా. హాల్ల గోడకు అద్దాల షోకేస్ పెట్టిస్త. ఎర్ర మక్మల్ గుడ్డ పరిచి, అన్ని దేశాలయి వరస వెడ్త. లైటు గుడ పెట్టిస్త."

"గవ్విటిని జూసి ఎవలేం జేస్తరే?"

"అడుగుతరు. ఇదేందిరా అని అడుగుతరు. అప్పుడు చెప్త." గ్లాసు గోడ వారగా పెట్టాడు. "గిన్నేండ్లు సౌదీల ఏం జేసినవంటే ఏం జెప్పాలె? కార్ల కాళ్లపట్టాలు దులిపిన అని చెప్పుకోవాల్నా? నన్ను జూసి ఏం అడుగుతరు? ఎంత పంపినవ్, ఎప్పుడు పోతవ్, గంతే గద. గివిటిని జూస్తెనన్న ఒక ముచ్చట అడుగుతరు."

అప్పుడు నాకు తెలిసింది, ఇతనిది పిచ్చి కాదని. ఇంత బతుకు బతికి ఇంటికి పోయాక తన దగ్గర చెప్పుకోవడానికి ఒక్కటుండాలి, అంతే అతని కోరిక. ఇంకేమీ కాదు. చాలా చిన్న కోరిక.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ వంతెన మొదలు మాకు కనిపించే దూరంలోనే ఉంటుంది. అంజన్న దాన్ని ఒక్కసారి కూడా దాటలేదు. మాలాంటి పనివాళ్లకుండే నివాస కార్డు, ఇకామా మీద బహ్రెయిన్ పోవాలంటే పోయి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ అనే అనుమతి కావాలి, అవతల వీసా కావాలి, కఫీల్ ఒప్పుకోవాలి. ఎందుకు పోతున్నావని అడిగితే బిళ్లలు చూడ్డానికి అని చెప్తే ఏ కఫీల్ ఒప్పుకుంటాడు? కాబట్టి దేశాలే అతని దగ్గరికి వచ్చేవి, మురికి సీట్ల కింద పడి.

పోయిన ఏడు మగసల మూతపడింది. స్థలం ఎవరో కొనుక్కుని, కారు లోపలికి పోయి కడుక్కుని బయటికొచ్చే యంత్రాలు పెట్టారు. బన్షర్ మిగిలింది, నేను మిగిలాను. అంజన్నని మా కఫీల్ తన బావమరిది తోటకి రాయించాడు. ఉనైజాలో ఖర్జూరం తోట. పని ఉంది, ఇంటికి పొమ్మనలేదు, అదే గొప్ప అని అందరూ అన్నారు. వయసు దాటుతున్న మనిషికి ఎండలో చెట్లెక్కే పని ఎంత గొప్పో నాకైతే అర్థం కాలేదు. పైగా తోటలోకి కువైట్ బండ్లెందుకొస్తాయి? అక్కడితో బిళ్లల పోగు ఆగిపోయినట్టే. అంజన్న మాత్రం ఉన్నవి చాలు అన్నాడు, షోకేస్ నిండుతుంది అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్లో ఇంటికి ముగ్గు పోసే ముహూర్తం పెట్టారు. మావైపు పునాదికి ముందు చేసే పూజని ముగ్గు పోసుడు అంటాం. అంజన్న పోదామనుకున్నాడు. కాగితాలు ఒక కఫీల్ నుంచి ఇంకో కఫీల్‌కి మారే మధ్యలో ఎవరికీ సెలవివ్వరు. ముహూర్తం మళ్లీ పెట్టుకోండి అని ఫోన్లో అంటే, మూఢం వస్తుంది, తరవాత నెలల తరబడి మంచి రోజుల్లేవన్నారు. సరే కానివ్వమన్నాడు.

డబ్బాని ఉనైజాకి తీసుకుపోవడానికి అతనికి మనసొప్పలేదు. కొత్త చోటు, తెలియని మనుషులు, తోటలో రేకుల షెడ్డు. అప్పుడే కోరుట్ల ఖాదర్ మొహిద్దీన్, దమ్మాంలో వాటర్ ట్యాంకర్ తోలేవాడు, సెలవు మీద పోతున్నాడు. మంచివాడు, ఎవరి సామానైనా చెక్కు చెదరకుండా ఇంటి గుమ్మందాకా ఇచ్చొస్తాడు. అంజన్న డబ్బాకి చుట్టూ టేపు చుట్టి అతని చేతిలో పెట్టాడు. గౌరవ్వకి ఫోన్ చేసి, "ఖాదర్ భాయి ఒక డబ్బా తెస్తుండు, తీస్కో" అని అంతే చెప్పాడు.

నేను అక్కడే ఉన్నాను. "అండ్ల ఏమున్నదో చెప్పవా?" అన్నాను.

"ఇప్పుడు జెప్తే అన్న నవ్వుతడు. షోకేస్‌ల పెట్టినంకనే చెప్త. తెచ్చి బీరువల పెట్టుకుంటది తియ్యే, నేను పంపిన సామాను ఏదైనా గండ్లనే గద పెట్టేది."

ముగ్గు పోసే రోజు శుక్రవారం. మా బన్షర్ శుక్రవారం పొద్దున తెరవం. నేనూ అంజన్నా అరుగు మీద కూర్చున్నాం. అతని బ్యాగు సర్ది ఉంది, రెండ్రోజుల్లో ఉనైజా బండి. తెల్ల చొక్కా వేసుకున్నాడు, ఎక్కడ దొరికిందో కుంకుమ బొట్టు కూడా పెట్టుకున్నాడు. ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి నిలబెట్టాం. గౌరవ్వ చెల్లెలి కొడుకెవరో అవతల ఫోన్ పట్టుకుని తిప్పి తిప్పి చూపిస్తున్నాడు. ముగ్గు, మామిడాకులు, పసుపు నీళ్లు, ఈశాన్యం మూల తవ్విన పిల్లర్ గుంత. పక్కన కాంక్రీటు కలిపే మిల్లర్ సిద్ధంగా ఉంది. ఊళ్లోవాళ్లు బాగానే వచ్చారు. అయ్యగారు గొంతెత్తి మంత్రాలు చదువుతున్నాడు.

గౌరవ్వ ఫోన్ దగ్గరికొచ్చింది. పచ్చ చీర, తలలో పూలు. చేతిలో రేకు డబ్బా.

"ఏమయ్యో, కనవడుతున్నదా? డబ్బా నిన్ననే ముట్టింది" అంది.

అంజన్న మొహం తెల్లబోయింది. పదిమందిలో డబ్బా తీస్తుందని అతను అనుకోలేదు. ఆమె అప్పటికే టేపు కోసేసింది. ఒక మూట విప్పి పళ్లెంలో పోసింది. కువైట్ బిళ్లలు. చుట్టూ ఉన్నవాళ్లు తలలు వంచి చూశారు. అందులో వాళ్లన్న కూడా ఉన్నాడు. నేను మనసులోనే అనుకున్నాను, ఇప్పుడు నవ్వుతాడు దొంగసచ్చినోడు అని. నవ్వలేదు. ఒక బిళ్ల తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

"తమ్మీ, గీ పడవది ఏ దేశం?" అన్నాడు.

అంజన్న గొంతు సవరించుకున్నాడు. "కువైట్ ది అన్నా. గా పడవ ముత్యాలకు పొయ్యే పడవ. ఎన్కట వాళ్ల బతుకుదెరువు గదే."

"మరి గిది? దీనికి మూలలున్నయి?"

"జోర్డాన్ ది. ఏడు మూలలుంటయి. లెక్కవెట్టు సూడు."

వాళ్లన్న నిజంగానే వేలితో లెక్కపెట్టాడు. ఏడు అని గట్టిగా పక్కవాళ్లకి చెప్పాడు. ఎవరో ముసలమ్మ, "చెట్టున్నదే, గీ బిళ్ల మీద చెట్టున్నదే" అంది. అది యెమెన్ ది అవ్వా, ఆ చెట్టు దునియాల ఇంకెక్కడ లేదు అని చెప్పాడు అంజన్న. రెండు రంగులది ఏంటని ఒకరు, కత్తి బొమ్మది ఏంటని ఒకరు. అయ్యగారు కూడా మంత్రం ఆపి చూశాడు. అంజన్న చెప్తూనే ఉన్నాడు. అతనికి అన్ని మాటలొచ్చని నాకు తెలియదు. నడుము నిటారుగా పెట్టి, చేతులు తిప్పుతూ, కళ్లు మెరుస్తూ చెప్పాడు. ముత్యం బిళ్ల దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి, "అది జర భద్రమే అన్నా, అసొంటిది ఇప్పుడు ఎక్కడ దొరకది" అన్నాడు. వాళ్లన్న దాన్ని కళ్లకద్దుకున్నాడు.

నేను అంజన్న భుజం మీద చరిచాను. షోకేస్ అక్కర్లేకుండానే పని జరిగిపోయింది కదా అనుకున్నాను. నాకంత సంతోషం వేసి చాలా రోజులైంది.

అయ్యగారు గంట కొట్టాడు. "ఇగ కానియ్యమ్మా, ముహూర్తం దాటిపోతది" అన్నాడు.

గౌరవ్వ పళ్లెం రెండు చేతులా పట్టుకుని పిల్లర్ గుంత దగ్గరికి నడిచింది. మూటల్లో మిగిలినవి కూడా పళ్లెంలో పోసింది. వాటి మీద పసుపూ కుంకుమా నవధాన్యాలూ చల్లింది. ఏం జరగబోతోందో నాకు అప్పుడర్థమైంది. అంజన్నకి నాకన్నా ముందే అర్థమైనట్టుంది, ఎందుకంటే మాట్లాడడం మానేశాడు. ఆమె మూడుసార్లు పళ్లెం పైకెత్తి, వంగి, గుంతలోకి వంచేసింది. ఇనుప చువ్వల మీద పడి బిళ్లలు ఒక్కసారి గలగలమన్నాయి. ఫోన్లో కూడా ఆ చప్పుడు స్పష్టంగా వినిపించింది.

మావైపు ఆచారం అదే. గుంతలో ఇంటి యజమాని చేతి సొమ్ము పడాలి, అది కాగితం కాకూడదు, బిళ్లలే కావాలి. మామూలుగా రూపాయి బిళ్లలు వేస్తారు.

గౌరవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఫోన్ దగ్గరికొచ్చింది. "నువ్వు చెప్పకపొయ్యినా నాకు ఎర్కైందయ్యా. మనిషి లేకుంట ముగ్గెట్ల పోసుడు అని వారం సంది ఏడ్సిన. నిన్న డబ్బా ఇప్పి సూసినంక పానం నిమ్మలమైంది. నువ్వు రాలేవని గద తోలిచ్చినవ్, నీ చేతి సొమ్ము? అయ్యగారు గుడ అన్నడు, గిన్ని దేశాల పైస ఏ ఇంటి పునాదిల వడలేదని."

ఇంకా సమయముంది. మిల్లర్ తిరగడం మొదలుపెట్టలేదు. గుంత లోతు ఒక మనిషి దిగేంత. ఒక్క మాట చాలు. నేను ఫోన్ అందుకోబోయాను. "గౌరవ్వా ఆగు" అందామని నోరు తెరిచాను. అంజన్న నా మణికట్టు పట్టుకున్నాడు. పిడికిలి అంత గట్టిగా బిగిస్తాడని నేననుకోలేదు.

"మంచిగ జేసినవే" అన్నాడు ఫోన్లో ఆమెతో. "మస్తు మంచిగ జేసినవ్."

ఆమె నవ్వింది. వెనకాల వాళ్లన్న, "మా తమ్ముడంటే ఏమనుకున్నరు!" అంటున్నాడు ఎవరితోనో. కుర్రాడు ఫోన్‌ని మిల్లర్ వైపు తిప్పాడు. కాంక్రీటు గుంతలోకి జారడం మేం మొత్తం చూశాం. అంజన్న కట్ చేయలేదు. గుంత నిండి, మేస్త్రీ తాపీతో పైన సాపు చేసేదాకా చూశాడు. అప్పుడు నెట్ పోయిందో వాళ్లే పెట్టేశారో, ఫోన్ నల్లగా అయిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలీలేదు. గౌరవ్వ మీదా? ఆమె చేసిన దాంట్లో ఒక్క తప్పు చూపించండి. చివరికి అతని మీదే పడ్డాను.

"నోరు రాదా నీకు? గుంతలకెల్లి తీసుడు ఎంత సేపు? ఎవలనన్న దింపితే అయిపోవు గద!"

"గుంతల ఏసినంక తియ్యద్దు భూషణమన్నా. అరిష్టం అంటరు. రేపు ఇంట్ల ఎవలకన్న జొరం వచ్చినా ఆమె దాని మీదనే వెడ్తది."

"మరి చెప్పనన్న చెప్పు! ఎందుకు పంపినవో చెప్పు."

"చెప్తే ఏమైతది? ఆ పిల్లర్ పక్కకెల్లి పొద్దుగాల లేస్తే తిరగాలె ఆమె. తిరిగినప్పుడల్లా ఏడుస్తది." చొక్కా గుండీలు విప్పుకుంటూ లేచాడు. "ఒకలు ఏడిస్తె సాలు తియ్యే."

నిజంగానే ఏడ్చాడు. అరుగు దిగి పాత మగసల గోడ వైపు తిరిగి నిలబడి, భుజాలు ఊగుతుంటే ఏడ్చాడు. నేను పక్కన నిలబడ్డాను. పోయినవి మళ్లీ వస్తాయని అనడానికి మగసల కూడా లేదు.

ఉనైజా పోయాక అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. చెట్లకి మగ పుప్పొడి కట్టే పని, గెలలకి సంచులు తొడిగే పని. ముళ్లు గుచ్చుకుని వేళ్లు వాచాయన్నాడు. అక్కడ తెలుగువాళ్లెవరూ లేరట. బిళ్లల మాట నేనెత్తలేదు, అతనూ ఎత్తలేదు.

ఎత్తింది ఊరు. గౌరవ్వ ఊళ్లో ఏమని చెప్పుకుందో, లేక వాళ్లన్నే ఊదరగొట్టాడో, అంజన్న సౌదీ నుంచి చుట్టూ ఉన్న దేశాలన్నీ తిరిగాడని అందరూ నమ్మేశారు. పాస్‌పోర్ట్ నిండా ముద్రలే అన్నారట. ఆ దేశాలన్నీ తిరిగినవాడు కార్లు కడిగేవాడు ఎలా అవుతాడు? పెద్ద ఉద్యోగమే అయ్యుంటుంది, చెప్పుకోడు గానీ అన్నారట. అతను వచ్చినప్పుడు కూర్చోబెట్టి ఆ ముచ్చట్లన్నీ చెప్పించుకోవాలని, బడి పంతులు కూడా పిల్లలకి చెప్పించాలని అనుకుంటున్నాడట. గౌరవ్వ ఇదంతా మురిసిపోతూ అతనికి ఫోన్లో చెప్పింది. అతను నాకు చెప్పాడు.

ఈ ఏడు గృహప్రవేశం పెట్టారు. అంజన్న సెలవు కూడా అప్పటికే రావలసి ఉంది. కొత్త కఫీల్ మంచివాడే, పొమ్మన్నాడు. నేను దమ్మాం వచ్చి విమానం ఎక్కిస్తానన్నాను. వద్దన్నాడు. పోవడం లేదన్నాడు.

"ఏందే, పిచ్చి లేసిందా? నీ ఇల్లు, నువ్వు లేకుంట ఎట్ల?"

"పోయి హాల్ల కూసుంట. అందరచ్చి అడుగుతరు, బహ్రెయిన్ ఎట్లుంటది, ఖతార్ ఎట్లుంటది అని. నేను జూసింది వాళ్ల సీట్ల కిందనే గద. నిజం జెప్తె గౌరవ్వ మొకం ఎక్కడ వెట్టుకుంటది? అబద్దం నాకు చాతగాదు." తోటలో నీటి మోటారు ఆపి మళ్లీ అందుకున్నాడు. "బిళ్లలుంటే జెప్పెటోన్ని, ఇవే నా దగ్గరకచ్చినయి అని. చేతుల పట్టుకోని జెప్తె నమ్ముదురు. ఇప్పుడు ఒట్టి చేతులతోని ఏం జెప్పాలె?"

మరి ఎప్పుడు పోతావంటే, చూద్దాం అన్నాడు. వచ్చే సెలవుకా అంటే, గెలలకి సంచులు తొడగాలని ఫోన్ పెట్టేశాడు.

ఖాదర్ మొహిద్దీన్ మళ్లీ సెలవు మీద పోయినప్పుడు గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాడు. ఇల్లు చాలా బాగుందట. హాలు పెద్దదట. పీటల మీద వాళ్లన్నా వదినా కూర్చుని పాలు పొంగించారట. గౌరవ్వ ఈశాన్యం మూల పిల్లర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టి, వచ్చినవాళ్లందరి చేతా దానికి దండం పెట్టించిందట.